బుగ్గలు ఉబ్బిస్తే ట్రాంబోన్ పలకదు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ కర్నూలు జిల్లా పేజీలో ఓ బడి బ్యాండు ఫోటో వేశారు. ముందు వరుసలో ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాయిద్యం పట్టిన పిల్లవాడు బుగ్గలు రెండూ బూరెల్లా పొంగించి ఊదుతున్నాడు. ‘దమ్మున్నోడు’ అని ఫోటో కింద మెచ్చుకున్నారు కూడా. పిల్లవాడిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అతనికి నేర్పినవాళ్లు ఎంత చెప్పారో అంతే చేస్తున్నాడు. అయితే ఆ ఒక్క ఫోటోలోనే పొంగిన బుగ్గలు, బరువు మోస్తున్న కుడిచేయి, స్లైడు (ముందుకూ వెనక్కీ జరిపే గొట్టం) మీద అంటించిన ఎర్రటేపు ముక్కలు కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా చెరుపు ఆ టేపుతోనే. ఆగస్టు 15 కవాతు కోసం బళ్లలో మళ్లీ సాధన మొదలవుతుంది కాబట్టి కాస్త విడమరిచి రాస్తున్నాను. జాగా ఉంటే వేయండి.

మన పెళ్లి ఊరేగింపుల్లో, కవాతుల్లో కనిపించేది ఎక్కువగా బి-ఫ్లాట్ (పాశ్చాత్య పద్ధతిలో ఒక స్వరం పేరు) టెనార్ ట్రాంబోన్. స్లైడు పూర్తిగా లోపలికి ఉన్నప్పుడు దాని గొట్టం పొడవు సుమారు 9 అడుగులు. పిస్టన్లున్న ట్రాంబోన్లూ మన బ్యాండుల్లో తిరుగుతుంటాయి గానీ వాటి వేళ్ల పద్ధతి ట్రంపెట్‌దే, వాటి సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

ముందు పట్టు. వాయిద్యం బరువంతా ఎడమచేతిదే. ఎడమ బొటనవేలు బెల్లు (శబ్దం బయటికొచ్చే వెడల్పు మూతి) వైపు అడ్డకమ్మీని చుట్టుకోవాలి, చూపుడువేలు మౌత్‌పీసు దూరే గొట్టం మీద ఆనాలి, మిగిలిన మూడు వేళ్లు స్లైడు లోపలి అడ్డకమ్మీని పట్టుకోవాలి. కుడిచేయి తీసేసినా వాయిద్యం అలాగే నిలబడితే పట్టు కుదిరినట్టు. కుడిచేతి పని బయటి స్లైడును కదపడం ఒక్కటే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి, ముగ్గుపిండి పట్టినంత తేలిగ్గా కింది అడ్డకమ్మీని పట్టుకోవాలి. పిడికిలి బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే మోచేయి బిగుస్తుంది, స్లైడు కుదుపులతో కదులుతుంది. పైగా కుడిచేతి మీద బరువు పడిందంటే బయటి గొట్టం లోపలి గొట్టాన్ని ఓ పక్కకు ఒరుసుకుంటుంది. ఆ రెంటి మధ్య సందు వెంట్రుకవాసి. ఏడాది తిరిగేసరికి స్లైడు ఒక వైపు అరిగి, గరగరమంటుంది. అప్పుడు నూనెను తిట్టుకుని లాభం లేదు.

తల వంచి వాయిద్యం దగ్గరికి వెళ్లకూడదు. తల నిటారుగా ఉంచి మౌత్‌పీసునే పెదవుల దగ్గరికి తెచ్చుకోవాలి. నడుస్తూ వాయించే బ్యాండులో ట్రాంబోన్లు మొదటి వరుసలో ఉండాలి. అది గొప్పకోసం కాదు. స్లైడు 2 అడుగుల దాకా ముందుకు వస్తుంది, ఎదుట మనిషి ఉంటే వాడి వీపుకు తగులుతుంది. పాతబస్తీ సందుల్లో ఊరేగింపు మలుపు తిరిగేటప్పుడు స్లైడుకు గోడో కరెంటు స్తంభమో తగిలి సొట్టలు పడుతుంటాయి. మలుపులో మూడో పొజిషను (స్వరాన్ని బట్టి స్లైడును ఆపే ఏడు చోట్లలో మూడోది) దాటే స్వరాలున్న ముక్క వాయించకుండా చూసుకోవడం బ్యాండు నడిపేవాళ్ల పని.

ఇక నోరు. ‘మ్’ అన్నప్పుడు పెదవులు ఎలా కలుస్తాయో అలా కలిపి ఉంచి, పెదవుల కొసలను కొద్దిగా గట్టి చేయాలి. నవ్వినట్టు పక్కలకు లాగకూడదు. మౌత్‌పీసు పెదవుల మధ్యలో కూర్చోవాలి. పైపెదవి సగమో, సగానికి మించో లోపల ఉంటే చాలు, పళ్ల వరుసను బట్టి తేడా ఉంటుంది. పెదవుల మధ్య నుంచి గాలి పోతుంటే ఆ పెదవులే అదరాలి, ట్రాంబోన్‌లో శబ్దం పుట్టేది అక్కడే. బుగ్గలు పొంగాయంటే కొసలు వదులైపోయినట్టు. అప్పుడు పెదవుల అదురు అదుపు తప్పుతుంది, పైస్వరాలు అందవు. అందక, మౌత్‌పీసును పెదవికేసి నొక్కుతారు. నొక్కితే పెదవికి రక్తం ఆడదు, పది నిమిషాల్లో మొద్దుబారుతుంది. వాయించడం ఆపాక పెదవి మీద గుండ్రటి ఎర్రముద్ర చాలాసేపు పోకపోతే నొక్కుడు ఎక్కువైందనే. సాధన గంటసేపు ఏకబిగిన కాకుండా ఇరవయ్యేసి నిమిషాలు, మధ్యలో అంతే విరామంతో చేస్తే పెదవి నిలుస్తుంది.

గాలి నోటి నుంచే పీల్చాలి, ‘హా’ అన్నంత విశాలంగా. భుజాలు లేస్తే గాలి పైపైనే ఆగింది, నడుము చుట్టూ బట్ట బిగుసుకుంటే కిందిదాకా చేరింది. కిందిస్వరాలకు గాలి ఎక్కువ కావాలి కానీ నిదానంగా పోవాలి. పైస్వరాలకు కొద్ది గాలి వేగంగా పోవాలి. ఆ వేగం నాలుక నడుముతో వస్తుంది. కింద ‘ఆ’, మధ్యలో ‘ఊ’, పైన ‘ఈ’ అనుకుంటే నాలుక తనంతట తానే అమరుతుంది. దమ్ము అవసరమే, కాదనను. దాన్ని నెట్టడం వేరు, నడపడం వేరు.

ఇప్పుడు ఆ ఎర్రటేపు. స్లైడులో 7 పొజిషన్లున్నాయని అందరూ చెబుతారు. ఒక్కో పొజిషను బయటికి జరిగితే ఒక్కో స్వరస్థానం, అంటే కీబోర్డు మీద పక్కపక్క మీటల మధ్య ఉండేంత తేడా, దిగుతుంది. చాలామంది ఇక్కడే సమానమైన ఏడు గీతలు అనుకుంటారు. గొట్టం పొడవయ్యే కొద్దీ ఒక స్వరస్థానం దిగడానికి ఇంకా ఎక్కువ పొడవు కావాలి. ఒకటి నుంచి రెండుకు దాదాపు 8 సెం.మీ. అయితే, ఆరు నుంచి ఏడుకు 10.5 సెం.మీ. పైనే. మూడో పొజిషనులో చేయి బెల్లు అంచుకు ఇవతల, నాలుగులో అంచు దాటి ఉంటుంది. ఇవి మొదటి వారంలో దారి చూపే ఆనవాళ్లు, అంతే. టేపు అంటిస్తే పిల్లవాడు చెవిని వదిలి కంటితో వాయించడం మొదలుపెడతాడు. కన్ను స్లైడు మీద ఉంటే తల వంగుతుంది, తల వంగితే గొంతు మూసుకుంటుంది. టేపు జిగురు సంగతి సరేసరి, అది దుమ్మును పట్టి లోపలికి పంపుతుంది.

టేపు పనికిరాకపోవడానికి ఇంకా పెద్ద కారణం మరొకటుంది. స్లైడు కదపకుండానే, పెదవుల అదురు మార్చి ఒకే పొజిషనులో చాలా స్వరాలు పలికించవచ్చు. ఒకటో పొజిషనులో వరుసగా బి-ఫ్లాట్, ఎఫ్, మళ్లీ బి-ఫ్లాట్, డి, ఎఫ్, ఇలా మెట్లలా పైకి పోతాయి. ఈ మెట్లు ప్రకృతి ఇచ్చినవి, కీబోర్డు లెక్కకు అన్నీ సరిపోవు. ఒక స్వరస్థానాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, పైన చెప్పిన డి కీబోర్డు డి కన్నా దాదాపు 14 సెంట్లు తక్కువ. దాని మీద ఎఫ్ దాటాక వచ్చే మెట్టు 31 సెంట్లు తక్కువ, అందుకే దాన్ని ఒకటో పొజిషనులో ఎవరూ వాడరు. ఆ మెట్టు మీద జి పలికించాలంటే రెండో పొజిషను నుంచి సుమారు రెండున్నర సెం.మీ. లోపలికి లాక్కోవాలి. అంటే ‘రెండో పొజిషను’ అనేది ఒక గీత కాదు, మెట్టును బట్టి కదిలే చోటు. టేపు ముక్క ఈ తేడాను ఎలా చూపిస్తుంది?

ఆ 14 సెంట్ల తక్కువలో ఒక తమాషా ఉంది. బి-ఫ్లాట్ షడ్జంగా తంబురా మోగుతుంటే, అదే డి అచ్చమైన అంతర గాంధారంగా అతుక్కుంటుంది. తంబురా తీగలో వినిపించే గాంధారం అదే కాబట్టి. కీబోర్డుతో కలిసి వాయిస్తేనే అది దిగినట్టుంటుంది. ఒకటో పొజిషనులో స్లైడు ఇంకా లోపలికి పోదు కాబట్టి, కీబోర్డున్న మేళంలో శ్రుతి చేసుకునేటప్పుడే స్లైడును 1 సెం.మీ. బయట ఉంచి బి-ఫ్లాట్ సరిచూసుకోవాలి. అప్పుడు డి కోసం లోపలికి జరగడానికి చోటు మిగులుతుంది.

మన పిల్లలకు సరళీ స్వరాలతో నేర్పడం మంచిదే. కానీ ఏ శ్రుతిలో? బి-ఫ్లాట్ ట్రాంబోన్ కదా అని ఆరున్నర శ్రుతిలో, కింది బి-ఫ్లాట్ షడ్జంగా మాయామాళవగౌళ రాగం మొదలుపెడతారు. పొజిషన్లు చూడండి: స 1, రి 7, గ 4, మ 3, ప 1, ద 5, ని 2, పై స 1. మొదటి అడుగే ఒకటి నుంచి ఏడుకు. పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి ఏడో పొజిషను అందదు. భుజం తిప్పి, ఒంగి, చివరికి ఆరు దగ్గర ఆగుతాడు. శుద్ధ రిషభం పోయి, దానికి ఒక స్వరస్థానం పైనుండే చతుశ్రుతి రిషభం పలుకుతుంది. మాయామాళవగౌళ మొదలుపెట్టి సరసాంగి వాయిస్తుంటాడు, అది వాడికీ తెలియదు, తాళం వేసే మాస్టారుకూ పట్టదు.

షడ్జాన్ని నాలుగు శ్రుతికి, అంటే మధ్య ఎఫ్‌కు మార్చితే చాలు. అదే రాగం స 1, రి 5, గ 2, మ 1, ప 3, ద 2, ని 2, స 1 అవుతుంది. ఆరు, ఏడు పొజిషన్ల అవసరమే లేదు. ద, ని రెండూ రెండులోనే ఉన్నాయి, మెట్టు మాత్రం వేరు. ధైవతం పడే మెట్టు తక్కువ పలికేది కాబట్టి దానికి రెండో పొజిషను నుంచి 1 సెం.మీ. లోపలికి రావాలి. శంకరాభరణమైతే స 1, రి 4, గ 2, మ 1, ప 3, ద 1, ని 2, స 1. పిల్లలకు మొదటి నెల ఇదే ఇవ్వాలని నా అభిప్రాయం. సంప్రదాయం ప్రకారం మాయామాళవగౌళే ముందు అనేవారితో నాకు పేచీ లేదు, కాకపోతే ఆ వరుస గొంతుకూ వీణకూ ఏర్పడింది.

గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడానికి, ట్రాంబోన్‌ను మించింది లేదని వినడానికి బాగుంటుంది. సగం నిజం. స్లైడు బయటికి పోతే స్వరం దిగుతుంది, లోపలికి వస్తే ఎక్కుతుంది. ఒకే మెట్టు మీద ఉన్నంతవరకే ఈ జారుడు, ఎంత చేసినా ఆరు స్వరస్థానాల దూరం. పైన చెప్పిన నాలుగు శ్రుతిలో గ నుంచి మ‌కు రెండు నుంచి ఒకటికి హాయిగా జారవచ్చు. మ నుంచి ప‌కు ప్రయత్నించండి: మ ఒకటిలో ఉంది, ప మూడులో. స్వరం ఎక్కాల్సిన చోట స్లైడు బయటికి పోతోంది. జారుడు తెగి ‘క్లక్’ మంటుంది. దీనికి మందు ప్రత్యామ్నాయ పొజిషన్లు. అదే మ‌ను పై మెట్టు మీద ఐదో పొజిషనులో, కాస్త లోపలికి లాగి పట్టుకోండి. అక్కడి నుంచి మూడుకు లోపలికి వస్తే మ-ప జారు నున్నగా వస్తుంది. ఇలాంటివే మరికొన్ని: ఒకటో పొజిషనులోని కింది ఎఫ్ ఆరులోనూ దొరుకుతుంది, డి నాలుగులోనూ దొరుకుతుంది. గమకం వాయించాలనుకునేవాళ్లు ముందుగా ఏ స్వరం ఎన్ని చోట్ల దొరుకుతుందో కాగితం మీద రాసుకోవాలి.

జారు అక్కర్లేని చోట జారకుండా వాయించడం ఇంతకన్నా కష్టం. మన బ్యాండుల్లో ట్రాంబోన్ వినగానే ‘వాఁవ్’ మని సాగినట్టు వినిపించడానికి కారణం ఇదే. పాట ఎంత నిదానమైనా స్లైడు మాత్రం నిదానంగా కదలకూడదు. స్వరం నిండుగా నిలిపి, చివరి క్షణంలో చటుక్కున జరపాలి. సరిగ్గా అప్పుడే నాలుకతో ‘ద’ అని మెత్తగా తాకాలి. గాలి ఆగకూడదు. నాలుక ముందు, స్లైడు తర్వాత అయితే కొత్తస్వరం మొదట్లో ఒరిపిడి వినిపిస్తుంది. స్లైడు ముందు, నాలుక తర్వాత అయితే పాతస్వరం తోక సాగుతుంది.

నాలుక విషయంలో తెలుగువాళ్లకు పుట్టుకతో ఒక సదుపాయం ఉంది. మనకు త వేరు, ట వేరు. స్వరం విడిగా మొదలుపెట్టడానికి కావలసింది ‘త’: నాలుక కొన పైపళ్ల వెనక, చిగురు దగ్గర తాకి వెనక్కి రావాలి. ఇంగ్లీషు పుస్తకం చూసి ‘టూ టూ’ అని నేర్పితే పిల్లలు మన ‘ట’ అంటారు, నాలుక మడతపడి అంగిలికి పోతుంది, మొదలు మొద్దుగా వస్తుంది. వేగంగా పోవాల్సిన చోట ‘తక తక’, మూడేసి స్వరాలకు ‘తకత తకత’. మృదంగం సొల్లు (నోటితో పలికే జతులు) వచ్చిన పిల్లవాడికి ఇది ఒక పూటలో పట్టుబడుతుంది. ‘క’ బలహీనంగా పడుతుంది కాబట్టి వారంపాటు ఉట్టి ‘కక కక’ తో నిదానంగా వాయించి దాన్ని ‘త’ తో సమానం చేసుకోవాలి.

రోజూ మొదట చేయాల్సిన సాధన ఒకటి ఉంది. అమెరికాలో రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో 1922 నుంచి 1971 దాకా నేర్పిన ఎమరీ రెమింగ్టన్ పేరుతో అది చలామణీలో ఉంది. ఫోనులో తంబురా పెట్టుకుని, ఒకే మెట్టు మీద ఒకటో పొజిషను నుంచి రెండుకు వెళ్లి తిరిగి రావాలి. తర్వాత ఒకటి-మూడు-ఒకటి, ఒకటి-నాలుగు-ఒకటి, చేయి అందినంతదాకా. తిరిగి వచ్చిన ప్రతిసారీ తంబురాలో కలిసిందా లేదా వినాలి. చెవి పొజిషను నేర్చుకునేది ఇక్కడే.

మన ఎండలు, మన దుమ్ము గురించి కొంత చెప్పాలి. మే నెలలో కర్నూలులో 40 డిగ్రీలు దాటిన సాయంత్రం కీబోర్డుతో కలిసి వాయిస్తే ట్రాంబోన్ శ్రుతి పైకి పోతుంది. ఇత్తడి సాగి శ్రుతి దిగుతుందని కొందరు ఉల్టాగా చెబుతారు. సాగడం లెక్కలోకి రానంత తక్కువ. అసలు కారణం గాలి: 20 డిగ్రీల్లో సెకనుకు 343 మీటర్లు పోయే శబ్దం 40 డిగ్రీల్లో 355 మీటర్లు పోతుంది. బెల్లు వెనక ఉండే శ్రుతి స్లైడును 1 సెం.మీ. బయటికి లాగితే సుమారు 13 సెంట్లు దిగుతుంది. వాయిద్యం ఊది వేడెక్కాక, ఐదు నిమిషాల తర్వాత శ్రుతి సరిచూడాలి, పెట్టెలోంచి తీసిన వెంటనే కాదు.

స్లైడుకు కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, అనంతపురం వైపైతే ఏకంగా వేరుశనగ నూనె కూడా పూస్తుంటారు. ఏదీ పనికిరాదు. ఇవి చిక్కబడి దుమ్మును పేస్టులా చేస్తాయి. లోపలి గొట్టాల చివర కొన్ని అంగుళాలు మిగతా భాగం కన్నా రవ్వంత లావుగా ఉంటాయి. ఒరిసేది ఆ భాగమే. స్లైడు క్రీము కందిగింజంత తీసుకుని ఒక్కో గొట్టానికి అక్కడ రాసి, పైన నీళ్లు స్ప్రే చేస్తే చాలు. క్రీము మీద నీటిబొట్లు నిలిచి, బయటి గొట్టం వాటి మీద తేలుతుంది. వారానికోసారి, దుమ్ములో ఊరేగింపు చేస్తే ఆ రాత్రే, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడిగి, కడ్డీకి మెత్తని గుడ్డ పూర్తిగా చుట్టి లోపల తుడవాలి. వేడినీళ్లు పోస్తే పైపూత లేస్తుంది. వాయించే ముందు కూల్‌డ్రింకు, పాన్ వద్దు. ఆ చక్కెర, ఆ ఎరుపు స్లైడులోకే పోతాయి. ఇక బెల్లు పైకి పెట్టి కింద ఉంచితే అక్షింతలు దూరతాయి, నవ్వులాటకు చెప్పడం లేదు.

మౌత్‌పీసు ఇరుక్కుపోతే కటింగ్ ప్లేయరుతో తిప్పొద్దు. గొట్టం మెలితిరుగుతుంది, అది మళ్లీ మామూలు కాదు. మౌత్‌పీసు లాగే బిగింపు పరికరం ఒకటి దొరుకుతుంది, బ్యాండుకు ఒకటి కొంటే సరిపోతుంది. అసలు ఇరుక్కోవడానికి కారణం అరచేత్తో తట్టి దించడం. పెట్టి, కొద్దిగా తిప్పితే చాలు.

చివరిగా, బళ్లకు పాత వాయిద్యాలు కొనేవారికి. స్లైడు తాళం తీసి, వాయిద్యాన్ని నిలువుగా పట్టుకుని, బయటి గొట్టాన్ని చేత్తో కాపు కాస్తూ వదలండి. తన బరువుకు తానే చివరిదాకా జారాలి, ఎక్కడైనా ఆగితే అక్కడ సొట్టో వంకరో ఉంది. స్లైడు భాగాన్ని విడదీసి, బెల్లు వైపు కొసను అరచేత్తో మూసి రెండో కొస నుంచి ఊదండి. గాలి ఎక్కడా పోకూడదు, ముఖ్యంగా నీళ్లు వదిలే మీట దగ్గర. అక్కడ కార్కు ఎండిపోయి ఉంటే బెంగ లేదు, మార్చడం చవక. మౌత్‌పీసు దూరే గొట్టం మీద గులాబీరంగు మచ్చలు కనిపిస్తే మాత్రం ఇత్తడిలోంచి జింకు పోయి లోపలి నుంచి తింటున్నట్టు. పైన ఎంత మెరుగు పెట్టినా ఆ వాయిద్యం కొనకండి.

ఇట్లు,
ఒక బ్యాండు మాస్టరు,
కర్నూలు